సమాజం మధ్య చెప్పిన కృతజ్ఞత: హీబ్రూ లేఖనాల్లో స్తుతికి అర్థం

క్రైస్తవులు పాత నిబంధన అని పిలిచే హీబ్రూ లేఖనాల్లో స్తుతి, కృతజ్ఞత గురించి రాసేవారు సాధారణంగా కీర్తనల గ్రంథంతో మొదలుపెడతారు. అయితే ఆ కీర్తనల్లో చాలావాటి వెనుక ఉన్న ఆచారం తెలియాలంటే ముందుగా లేవీయకాండము 7వ అధ్యాయం చదవాలి. అందులో బలులకు సంబంధించిన విధులు తప్ప మరేమీ లేవు కాబట్టి చాలామంది పాఠకులు దాన్ని త్వరగా దాటిపోతారు. కానీ మేలు పొందిన మనిషి ఏం చేయాలని ప్రాచీన ఇశ్రాయేలీయులు అనుకున్నారో అక్కడున్నంత సూటిగా మరెక్కడా కనిపించదు.

ఆ అధ్యాయం సమాధానబలి కింద మూడు రకాల అర్పణలను చెబుతుంది. అవి కృతజ్ఞతార్పణ, మొక్కుబడి, స్వేచ్ఛార్పణ. మూడింటిలోనూ కొవ్వును బలిపీఠం మీద దహిస్తారు. బోర, కుడి జబ్బ యాజకులకు చెందుతాయి. మిగిలిన మాంసాన్ని బలి తెచ్చినవాడు తనవారితో కలిసి తింటాడు. మొక్కుబడి మాంసాన్నీ, స్వేచ్ఛార్పణ మాంసాన్నీ మరునాడు కూడా తినవచ్చు. కృతజ్ఞతార్పణకు ఆ వెసులుబాటు లేదు. దాన్ని అర్పించిన రోజునే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు. పైగా దానితోపాటు నాలుగు రకాల రొట్టెలు తేవాలి. నూనె కలిపిన పొంగని రొట్టెలు, నూనె పూసిన పలచని అప్పడాలు, నూనెతో తడిపిన మెత్తని గోధుమపిండి రొట్టెలు, వీటన్నిటితో పాటు పులిసిన పిండితో చేసిన రొట్టెలు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసంకలనం మిష్నా ఒక్కో రకానికి 10 చొప్పున మొత్తం 40 రొట్టెలని లెక్క చెబుతుంది. రకానికి ఒకటి చొప్పున 4 రొట్టెలు యాజకుడికి పోతే, మిగిలిన 36 అర్పించినవాడి ఇంటివారికి మిగులుతాయి.

ఒక గొర్రె మాంసాన్నో ఎద్దు మాంసాన్నో, దానితోపాటు 36 రొట్టెలను ఒక్క రాత్రిలో ఏ కుటుంబమూ తినలేదు. ఈ విధిని పాటించాలంటే నలుగురినీ పిలవక తప్పదు. పిలిచినప్పుడు ఈ విందు ఎందుకని వచ్చినవారు అడుగుతారు, ఏం జరిగిందో అతను చెప్పాల్సి వస్తుంది. లిథువేనియా ప్రాంతపు వొలోజిన్ విద్యాపీఠానికి పెద్దగా ఉన్న నఫ్తాలి జ్వీ యెహూదా బెర్లిన్ (1816–1893) ఈ విధికి ఇచ్చిన వివరణ ఇదే. రొట్టెలు ఎక్కువగా, గడువు తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కాదని, ఎక్కువమందిని కూర్చోబెట్టి వారి ఎదుట దేవుడు చేసిన మేలును చెప్పించడానికే అలా విధించారని ఆయన రాశారు. మూలంలో ఈ కారణం నేరుగా లేదన్నది నిజమే. అయినా ఆ విధి ఆచరణలో ఏం చేయిస్తుందో గమనిస్తే ఆయన వివరణను కాదనడం కష్టం. కృతజ్ఞతను మనసులో దాచుకునే వీలు లేకుండా చేసిన విధి ఇది.

బలులు ఆగిపోయి రెండు వేల ఏళ్లు కావస్తున్నా ఈ విధి జ్ఞాపకం యూదుల ప్రార్థనలో ఇంకా ఉంది. కృతజ్ఞతార్పణ కోసమని శీర్షికలోనే చెప్పే 100వ కీర్తనను అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా సంప్రదాయపు) యూదులు ఉదయ ప్రార్థనలో రోజూ చదువుతారు. వ్యక్తిగత బలులు అర్పించే వీలు లేని విశ్రాంతి దినాన దాన్ని వదిలేస్తారు. పస్కా పండుగ ముందురోజున కూడా చదవరు. పస్కా మొదలయ్యేసరికి పులిసినదేదీ ఇంట్లో ఉండకూడదు కాబట్టి, ఆ రోజు అర్పణ తెస్తే దానితో వచ్చే పులిసిన రొట్టెలను గడువులోగా తినడం సాధ్యం కాదన్నది అందుకు చెప్పే కారణం.

ఆ విందులో పలికిన మాటలు ఎలాంటివో కీర్తనల్లో చూడవచ్చు. 116వ కీర్తన చెప్పిన వ్యక్తి మరణం అంచుదాకా వెళ్లి తిరిగి వచ్చినవాడు. తనకు జరిగిన మేలుకు బదులుగా దేవునికి ఏం ఇవ్వగలనని ఆయన అడుగుతాడు. రక్షణపాత్రను ఎత్తుతాననీ, దేవుని నామాన్ని ప్రార్థిస్తాననీ, తన మొక్కుబళ్లు చెల్లిస్తాననీ తానే జవాబు చెప్పుకుంటాడు. ఆ చెల్లింపు ఎక్కడ జరగాలో కూడా కచ్చితంగా చెబుతాడు: ప్రజలందరి ఎదుట, దేవుని మందిరపు ఆవరణాల్లో, యెరూషలేము మధ్యలో. 66వ కీర్తనలో కూడా ఇదే క్రమం ఉంటుంది. శ్రమలో ఉన్నప్పుడు నోట పలికిన మొక్కుబళ్లను తీర్చడానికి దహనబలులతో మందిరానికి వచ్చిన వ్యక్తి, దేవుని పట్ల భయభక్తులున్నవారందరినీ దగ్గరికి పిలిచి, తనకు ఆయన చేసిన కార్యాలు వినమంటాడు. దేవుడు చేయి విడిచాడన్న ఆక్రోశంతో మొదలయ్యే 22వ కీర్తన కూడా చివరికి మహాసమాజం మధ్యకు చేరుతుంది. అక్కడ మొక్కుబళ్లు చెల్లిస్తారు, దీనులు తిని తృప్తి పొందుతారు. లేవీయకాండపు విధిని పక్కన పెట్టుకుని చదివితే ఆ దీనులు తిన్నది ఏమిటో అర్థమవుతుంది.

వీటన్నిటికంటే స్పష్టమైన మాట 40వ కీర్తనలో ఉంది. దేవుని నీతిని తన హృదయంలో దాచుకోలేదని, ఆయన కృపనూ సత్యాన్నీ మహాసమాజానికి తెలియకుండా మరుగుచేయలేదని కీర్తనకారుడు ప్రమాణం చేసినట్లు చెబుతాడు. హృదయంలో ఉంచుకున్న కృతజ్ఞతను నేటి పాఠకుడు లోతైనదని, నిరాడంబరమైనదని భావిస్తాడు. ఈ కీర్తన దృష్టిలో అది ఇతరులకు చెందవలసినదాన్ని దాచిపెట్టడం. విడుదల పొందినవాడు ఇప్పుడు సాక్షి అయ్యాడు. అతను మౌనంగా ఉండిపోతే ఇంకా ఆపదలో ఉన్నవారికి అందవలసిన ఆశ అందకుండా పోతుంది. కీర్తనల్లో కృతజ్ఞతకు ఉన్న అసలు అర్థం ఇక్కడే దొరుకుతుందని చెప్పవచ్చు. మేలు దేవుని దగ్గర నుంచి ఒక మనిషికి వచ్చింది. ఆ మనిషి నోటి ద్వారా అది సమాజానికి చేరినప్పుడే దాని ప్రయాణం పూర్తవుతుంది.

ఆపదలో మొక్కుకోవడం, గట్టెక్కాక బంధువులనూ ఇరుగుపొరుగువారినీ పిలిచి భోజనం పెట్టడం తెలుగువారికి కొత్త కాదు. రోగం తగ్గినప్పుడో, కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడో తెలుగు క్రైస్తవ కుటుంబాలు జరుపుకునే కృతజ్ఞత కూడికలో పాట, సాక్ష్యం, భోజనం మూడూ ఉంటాయి. లేవీయకాండంలోని విధి ప్రకారం ఆ కూడిక జరగకపోయినా, దాని రూపం 116వ కీర్తన రూపానికి చాలా దగ్గరగా ఉంటుంది.

107వ కీర్తన ఈ సాక్ష్యాలను వర్గాలుగా అమర్చింది. ఎడారిలో దారి తప్పి ఆకలిదప్పులతో సొమ్మసిల్లినవారు, చీకటిలో ఇనుప సంకెళ్లతో మగ్గినవారు, రోగంతో అన్నం సయించక మరణద్వారాల దగ్గరికి వెళ్లినవారు, ఓడలెక్కి తుఫానులో చిక్కుకున్నవారు అందులో వరుసగా కనిపిస్తారు. ప్రతి వర్గమూ కష్టంలో మొరపెడుతుంది, విడుదల పొందుతుంది. ప్రతిసారీ దేవుని కృపను బట్టి, నరుల పట్ల ఆయన చేసిన ఆశ్చర్యకార్యాలను బట్టి వారు ఆయనను స్తుతించాలన్న పల్లవి వినిపిస్తుంది. ఈ నాలుగు వర్గాలవారూ విధిగా కృతజ్ఞత చెప్పవలసినవారని, రబ్బీలనే యూదు గురువుల చర్చల సంకలనమైన తాల్ముదు తీర్మానించింది. సముద్రం దాటినవారు, ఎడారి దాటినవారు, రోగం నుంచి కోలుకున్నవారు, చెర నుంచి విడుదలైనవారు నేటికీ యూదుల ప్రార్థనామందిరంలో ఒక ప్రత్యేక ఆశీర్వచనం పలుకుతారు. దాన్ని పలకడానికి కనీసం పదిమంది సమక్షంలో ఉండాలి. నీకు మేలు చేసినవాడు ఎల్లప్పుడూ నీకు మేలు చేయుగాక అనే అర్థం వచ్చే మాటతో వారు బదులిస్తారు.

ఆదికాండములోని లేయా కథ ఈ ఆచారాలకు బయట నిలుస్తుంది. ఇశ్రాయేలీయుల మూలపురుషుడైన యాకోబు ప్రేమించింది లేయా చెల్లెలు రాహేలును. లేయాను అతనికి మోసంతో కట్టబెట్టారు. ఆమె తన మొదటి ముగ్గురు కుమారుల పేర్లనూ భర్తతో ముడిపెట్టుకుంటుంది. దేవుడు నా శ్రమను చూశాడు, ఇక నా భర్త నన్ను ప్రేమిస్తాడు. నేను ద్వేషింపబడ్డానని దేవుడు విన్నాడు. ఇప్పుడైనా నా భర్త నాతో హత్తుకుని ఉంటాడు. నాలుగో కొడుకు పుట్టినప్పుడు మాత్రం భర్త ప్రస్తావన ఉండదు. ఈసారి యెహోవాను స్తుతిస్తానని చెప్పి ఆ బిడ్డకు యూదా అని పేరు పెడుతుంది. ఆమె పరిస్థితి మారిందని కథ ఎక్కడా చెప్పదు. సృష్టి జరిగిన నాటి నుంచి లేయా వచ్చేదాకా దేవునికి కృతజ్ఞత చెప్పినవారు ఎవరూ లేరని రబ్బీ షిమోన్ బర్ యోహాయ్ పేరిట తాల్ముదులో ఒక మాట ఉంది. నోవహు బలిపీఠం కట్టాడు, అబ్రాహాము బలులు అర్పించాడు. అయినా ఆ మొదటి స్థానాన్ని రబ్బీలు భర్త ప్రేమకు నోచుకోని ఒక భార్యకు ఇచ్చారు. ఒక జాతి మొత్తం తరువాతి కాలంలో ఆ నాలుగో కొడుకు పేరుతోనే యూదులని పిలిపించుకుంది. కోరుకున్నది దక్కనివారు కూడా కృతజ్ఞత చెప్పగలరన్న ఆలోచన ఈ లేఖనాల్లో ఇంత మొదట్లోనే కనిపించడం విశేషం.

కృతజ్ఞతకూ స్తుతికీ ఉన్న సంబంధాన్ని ఆధునిక పరిశోధకుల్లో అందరికంటే జాగ్రత్తగా పరిశీలించినవాడు జర్మన్ పండితుడు క్లౌస్ వెస్టర్‌మాన్ (1909–2000). కీర్తనలను రూపాన్ని బట్టి వర్గీకరించే పద్ధతిని అంతకుముందే హెర్మన్ గుంకెల్ (1862–1932) స్థిరపరిచాడు. గుంకెల్ కృతజ్ఞతాకీర్తనలను, స్తుతికీర్తనలను రెండు వేర్వేరు జాతులుగా చూశాడు. వెస్టర్‌మాన్ మాత్రం రెండూ స్తుతే అన్నాడు. ఒకటి దేవుడు ఇప్పుడు చేసిన ఒక కార్యాన్ని చాటుతుంది, రెండోది ఆయన ఎప్పుడూ ఎలాంటివాడో వర్ణిస్తుంది. మొదటిది కష్టం గడిచిన వెంటనే పుడుతుంది, అందులో తేదీ ఉన్నట్టే ఉంటుంది. రెండోది అలాంటి ఎన్నో అనుభవాలు ఒక సమాజంలో పోగుపడిన తరువాత పుడుతుంది. ఈ వివరణతో కీర్తనల్లోని ఒక లక్షణం తేటపడుతుంది. దేవుణ్ణి అత్యున్నతుడని ఆకాశానికెత్తే కీర్తనలు కూడా ఏదో ఒకచోట నేల మీది సంఘటన దగ్గరికి వస్తాయి. 113వ కీర్తన ఆయన మహిమ ఆకాశాల కంటే పైన ఉందని చెప్పి, మరుక్షణమే పేదవాణ్ణి పెంటకుప్ప మీద నుంచి లేపడం, సంతులేని స్త్రీని పిల్లల తల్లిగా ఇంట నిలపడం గురించి మాట్లాడుతుంది.

కాబట్టి హీబ్రూ స్తుతి కారణం చెప్పే స్తుతి. కీర్తనలన్నిటిలో అతి చిన్నదైన 117వ కీర్తనలో రెండే వచనాలున్నాయి. మొదటి వచనం సకల జనాలనూ స్తుతించమని పిలుస్తుంది, రెండో వచనం ఎందుకో చెబుతుంది: ఆయన కృప మన పట్ల హెచ్చుగా ఉంది, ఆయన విశ్వాస్యత నిరంతరం నిలుస్తుంది. రాజాస్థానాల్లో వినిపించే పొగడ్తకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. పొగడ్త బిరుదులను పేరుస్తుంది, దానికి సాక్షులు అక్కరలేదు. కీర్తన మాత్రం సాక్ష్యం చెబుతుంది కాబట్టి వివరాల్లోకి వెళ్తుంది. 26 వచనాల 136వ కీర్తన ప్రతి వచనంలోనూ ఆయన కృప నిరంతరం ఉంటుందనే పల్లవిని అందుకుంటూ, ఆకాశాల సృష్టి నుంచి ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడుదల, ఎర్రసముద్రం, సీహోను, ఓగు రాజుల ఓటమి దాకా ఒక్కొక్క సంగతీ లెక్కపెడుతుంది. అలా చరిత్ర మొత్తం నడిచివచ్చి, చివరికి సమస్త జీవులకూ ఆహారమిచ్చేవాడు అనే మామూలు మాట దగ్గర ఆగుతుంది. శత్రురాజులను కూల్చడం, రోజూ అన్నం దొరకడం ఒకే పల్లవి కింద ఒకే స్థాయిలో నిలిచిన కీర్తన ఇది.

హన్నా పాట మరో పార్శ్వాన్ని చూపిస్తుంది. ఏళ్ల తరబడి సంతానం లేక సవతి చేత ఎత్తిపొడుపులు పడి, షిలోహులోని మందిరంలో పెదవులు మాత్రమే కదిలేలా ప్రార్థించిన స్త్రీ ఆమె. కొడుకు పుట్టి, పాలు విడిచాక, మొక్కుకున్న ప్రకారం అతన్ని మందిరంలో అప్పగించి పాట పాడుతుంది. ఆ పాటలో సమూయేలు పేరు లేదు. విల్లులు విరిగిన యోధుల గురించి, ఆకలితో ఉన్నవారు తృప్తి పొందడం గురించి, గొడ్రాలు ఏడుగురిని కనడం గురించి, దరిద్రులు అధికారుల పక్కన కూర్చోవడం గురించి ఉంది. తనకు జరిగిన ఒక్క మేలులో ఆమె లోకరీతిని తలకిందులు చేసే దేవుణ్ణి చూసింది. ఎర్రసముద్రం దగ్గర తంబుర పట్టిన మిర్యాము, సీసెరా సేన ఓటమి తరువాత పాడిన దెబోరా, ఇప్పుడు హన్నా. ఇశ్రాయేలు స్తుతి చరిత్రలోని తొలి గొంతుల్లో ఇంతమంది స్త్రీలు ఉన్నారన్నది తగినంతగా ప్రస్తావనకు రాని విషయం.

స్తుతి పుస్తకంగా పేరుపడిన కీర్తనల గ్రంథంలో ఎక్కువగా ఉన్నవి విలాపాలు. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా ఆ కోవలోనివే. వాటిలో చాలావాటి చివర హఠాత్తుగా స్వరం మారుతుంది. ఆరు వచనాల 13వ కీర్తన ఎంతకాలం, ఎంతకాలం అంటూ మొదలై, దేవుడు నాకు మేలు చేశాడు కాబట్టి పాడతాననే మాటతో ముగుస్తుంది. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదానికి 1934లో జర్మన్ పండితుడు యోఆఖిమ్ బెగ్రిఖ్ ఒక సమాధానం ఇచ్చాడు. మొరకూ స్తుతికీ మధ్య యాజకుడు దేవుని తరఫున అభయవాక్కు పలికేవాడనీ, ఆ వాక్కు కీర్తనలో రాయబడలేదనీ ఆయన వాదన. ఏలీ అనే యాజకుడు సమాధానంగా వెళ్లు, దేవుడు నీ మనవి దయచేస్తాడు అన్నాక హన్నా వెళ్లి భోజనం చేసిందనీ, నాటి నుంచి దుఃఖముఖిగా లేదనీ చెప్పే కథ ఆ వాదనకు దగ్గరగా ఉంది. అన్ని కీర్తనలకూ ఇది సరిపోతుందని చెప్పలేం. అయితే విలాపానికీ స్తుతికీ మధ్య గోడ లేదన్నది మాత్రం తిరుగులేని విషయం. దేవుడు వింటాడన్న నమ్మకం లేనివాడు ఆయన మీద ఫిర్యాదు కూడా చేయడు.

ఆ విలాపాల్లో కీర్తనకారులు దేవునితో ఒక సాహసమైన వాదన చేస్తారు. నేను సమాధిలోకి దిగితే నీకేం లాభం, మన్ను నిన్ను స్తుతిస్తుందా అని 30వ కీర్తన అడుగుతుంది. మృతులకు నీ జ్ఞాపకం ఉండదు, పాతాళంలో నీకు కృతజ్ఞత చెప్పేవారెవరు అని 6వ కీర్తన అంటుంది. మృతులు యెహోవాను స్తుతించరని 115వ కీర్తన సూటిగా చెబుతుంది. యూదా రాజు హిజ్కియా మరణకరమైన రోగం నుంచి లేచాక రాసినట్టుగా యెషయా 38వ అధ్యాయంలో ఉన్న పాటలో, సజీవులే నిన్ను స్తుతిస్తారు, తండ్రి కుమారులకు నీ సత్యాన్ని తెలియజేస్తాడు అనే మాటలున్నాయి. మరణానంతర జీవితం గురించి స్పష్టమైన ఆశ ఇంకా ఏర్పడని కాలపు మాటలివి. దానియేలు గ్రంథం చివరి అధ్యాయంలో కనిపించే పునరుత్థానపు నమ్మకం ఆ తరువాతిది. ఈ వాదనను దేవునికి ఎర చూపించడంగా చదివేవారున్నారు. అది సరైన పఠనం కాదు. ఈ కవుల లెక్కలో బతికి ఉండటానికీ స్తుతించడానికీ తేడా లేదు. స్తుతి ఆగిన చోటే మరణం మొదలవుతుంది. ఊపిరి ఉన్నా దేవుణ్ణి గురించి చెప్పడానికి ఏమీ మిగలనివాడు అప్పటికే పాతాళపు పొలిమేరల్లో ఉన్నట్టు.

అందుకే 88వ కీర్తన అంత భారంగా ఉంటుంది. అందులో స్వరం మారదు, మొక్కుబడి మాట రాదు, చివరి పదం చీకటి. కీర్తనలను సంకలనం చేసినవారు దానికి ఓదార్పు వచనం ఒకటి అతికించకుండా అలాగే ఉంచారు. హబక్కూకు గ్రంథం చివరి వచనాలు దీనికి మరో దిక్కున నిలుస్తాయి. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, పొలాలు పంటనివ్వకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా యెహోవాలో ఆనందిస్తానని ప్రవక్త అంటాడు. కారణాలు చెప్పడమే పద్ధతిగా గల స్తుతిలో, ఇక్కడ కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసివేయబడ్డాయి. దీన్ని చూపించి కష్టంలో ఉన్నవారి నోరు మూయించడం తగదు. ఎంతకాలం మొరపెట్టినా నీవు ఆలకించవేమి అనే ప్రశ్నతోనే ఆ గ్రంథం మొదలవుతుంది. ఆ ప్రశ్న అడిగినవాడే చివరి మాట అన్నాడు.

ప్రవక్త యోనా ప్రార్థన ఇందుకు భిన్నం. చేప కడుపులో ఉండగానే కృతజ్ఞతా స్వరంతో బలి అర్పిస్తాననీ మొక్కుబడి చెల్లిస్తాననీ అతను పలికిన మాటలు కీర్తనల పద్ధతికి అచ్చంగా సరిపోతాయి. కానీ రెండు అధ్యాయాల తరువాత పరాయి పట్టణమైన నీనెవె ప్రజలను దేవుడు క్షమించినప్పుడు అతను కోపంతో చావు కోరుకుంటాడు. తనకు దక్కిన కృప ఇంకొకరికి దక్కితే సహించలేని కృతజ్ఞత ఎంత పొట్టిదో ఆ గ్రంథం మాటల్లో చెప్పదు, కథలో చూపిస్తుంది.

ద్వితీయోపదేశకాండము కృతజ్ఞతను పొలం దగ్గరికి తీసుకువస్తుంది. ప్రథమఫలాలను గంపలో పెట్టుకుని యాజకుని దగ్గరికి వచ్చిన రైతు ఆ ఏటి వానల గురించి మాట్లాడడు. నా తండ్రి నశించబోయిన అరామీయుడు అని మొదలుపెట్టి, ఐగుప్తులో కొద్దిమందిగా పరవాసులై ఉండటం, దాస్యం, మొర, విడుదల, ఈ దేశానికి రావడం అన్నీ వల్లిస్తాడు. ఆ చరిత్ర చివరన మాత్రమే, ఇదిగో ఈ పంట అంటాడు. తరువాత మందిర సేవకుడైన లేవీయుడితోనూ, తన మధ్య ఉన్న పరదేశితోనూ కలిసి సంతోషించాలి. ఒకప్పుడు తామూ పరవాసులమేనని అప్పుడే నోరారా చెప్పిన మనిషి, ఎదుట ఉన్న పరవాసిని పంక్తి నుంచి లేపలేడు. 8వ అధ్యాయం మరో అడుగు వేస్తుంది. తిని తృప్తి పొందాక దేవుణ్ణి స్తుతించాలంటుంది. యూదులు భోజనానంతరం చేసే ప్రార్థనకు మూలం ఈ వచనమే. ఆకలిగా ఉన్నవాడు ఎలాగూ దేవుణ్ణి తలుచుకుంటాడు. కడుపు నిండి, మంచి ఇళ్లు కట్టుకుని, మందలు పెరిగాక, నా బాహుబలమే ఈ భాగ్యాన్ని సంపాదించిందని మనసులో అనుకునే రోజు వస్తుందనీ, అసలు ప్రమాదం అదేననీ ఆ అధ్యాయం హెచ్చరిస్తుంది.

కృతజ్ఞతను బహిరంగంగా చెప్పాలన్న పద్ధతిలో ఒక లోపానికి దారి ఉంది. చెప్పడం చాటుకోవడంగా మారవచ్చు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో రెండో యరొబాము పాలనలో సంపన్నమైన ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి యూదాలోని తెకోవ నుంచి వెళ్లిన ప్రవక్త ఆమోసు ఈ లోపాన్నే పట్టుకున్నాడు. పులిసిన పిండితో కృతజ్ఞతార్పణ అర్పించండి, స్వేచ్ఛార్పణలను గురించి చాటించి ప్రకటన చేయండి, మీకు ఇష్టమైనది అదే కదా అని ఎత్తిపొడిచాడు. ఆ చాటింపు చేస్తున్నవారే పేదవాణ్ణి ఒక జత చెప్పుల కోసం అమ్మేస్తున్నారు, తాకట్టుగా పుచ్చుకున్న బట్టల మీద బలిపీఠాల పక్కనే పడుకుంటున్నారు. వారి పాటల ధ్వనిని నా దగ్గర నుంచి తొలగించండి, న్యాయాన్ని నీళ్లలా పారనివ్వండి అనే దేవుని మాట ఆ సందర్భంలోనిది. బలిభోజనం దీనుల కడుపు నింపాలని 22వ కీర్తన కోరుకుంది. ఉత్తర రాజ్యపు ఆరాధనాస్థలమైన బేతేలులో అది దీనుల నుంచి దోచినదానితో జరిగింది. ఆమోసు కృతజ్ఞతను కాదనలేదు, దాని లోపలి అర్థం తలకిందులైందని చెప్పాడు. 50వ కీర్తన ఇదే మాటను మరో దారిలో అంటుంది. నాకు ఆకలైనా నీతో చెప్పను, వెయ్యి కొండల మీది పశువులు నావే అని చెప్పిన దేవుడు, అయినా స్తుతియాగం చేయమంటాడు. దొంగతో చేయి కలిపి, సొంత సోదరుని మీద కొండెములు చెప్పేవాడు తన నిబంధనను నోట పలకడానికి వీల్లేదంటాడు.

యెహోవా దయాళుడు, ఆయన కృప నిరంతరం ఉంటుంది అనే పల్లవి ఈ జాతి చరిత్రలో ఎక్కడెక్కడ వినిపించిందో గమనిస్తే స్తుతి ఎంత కఠినమైన చోట్ల నిలబడిందో తెలుస్తుంది. దావీదు మందసాన్ని యెరూషలేముకు తెచ్చినప్పుడు, సొలొమోను మందిరాన్ని ప్రతిష్ఠించినప్పుడు అది ఉత్సవగీతం. ప్రవక్త యిర్మీయా దాన్ని పలికింది చెరసాల ప్రాంగణంలో. బబులోను సేన పట్టణాన్ని ముట్టడించి ఉంది, రక్షణ కోసం ఇళ్లను పడగొట్టారు. పాడుబడిన ఈ స్థలంలోనే మళ్లీ పెండ్లికుమారుని స్వరమూ పెండ్లికుమార్తె స్వరమూ, ఈ పల్లవి పాడుతూ కృతజ్ఞతార్పణ తెచ్చేవారి స్వరమూ వినిపిస్తాయని అతను రాశాడు. పట్టణం క్రీ.పూ. 586 ప్రాంతంలో కూలిపోయింది. క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో తిరిగి వచ్చినవారు కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు ఆసాపు వంశస్థులైన లేవీయులు తాళాలతో వంతులవారీగా అదే పల్లవి పాడారని ఎజ్రా గ్రంథం చెబుతుంది. మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివారు బిగ్గరగా ఏడ్చారు, తక్కినవారు సంతోషంతో కేకలు వేశారు, ఏది ఏడుపో ఏది కేకో జనానికి తెలియలేదు. ఆ ఏడుపును స్తుతికి అడ్డమని ఎవరూ ఆపలేదు.

క్రీ.శ. 70లో రోమా సేనలు రెండో మందిరాన్ని కూల్చివేయడంతో బలిపీఠమూ, రొట్టెలూ, రాత్రి విందూ ఆగిపోయాయి. మాట మాత్రం మిగిలింది. రాబోయే కాలంలో బలులన్నీ రద్దయినా కృతజ్ఞతార్పణ రద్దు కాదని, ప్రార్థనలన్నీ ఆగినా కృతజ్ఞత ఆగదని లేవీయకాండముపై ఉన్న ఒక పురాతన యూదు వ్యాఖ్యానం యిర్మీయా వచనాన్నే ఆధారంగా చూపి చెప్పింది. క్షమాపణ అడగవలసిన పాపం లేని రోజున కూడా చెప్పవలసిన మాట ఒకటి ఉంటుందన్నది ఆ వ్యాఖ్యాతల ఆలోచన.

యూదుల నిత్యప్రార్థనలో ఈ ఆలోచన ఒక చిన్న ఏర్పాటుగా నిలిచింది. ప్రార్థన నడిపే వ్యక్తి సమాజం తరఫున మనవులు పలుకుతున్నంతసేపూ మిగిలినవారు ఆమేన్ అంటే సరిపోతుంది. కృతజ్ఞత భాగం వచ్చేసరికి అందరూ తల వంచి తమ సొంత నోటితో వేరే పాఠం చెబుతారు. మనవిని ఒక ప్రతినిధి చేత చెప్పించుకోవచ్చు గానీ కృతజ్ఞతను అలా చెప్పించుకోలేమని వ్యాఖ్యాతలు దీన్ని వివరించారు. ఆ పాఠంలో జీవం ఇచ్చినందుకు, ఇంతవరకు నిలిపినందుకు కృతజ్ఞత ఉంది, నీకు కృతజ్ఞత చెప్పగలుగుతున్నందుకు కూడా కృతజ్ఞత ఉంది. అక్కడ ఏం చెప్పాలన్న విషయంలో గురువులు ఒక్కొక్కరు ఒక్కో వాక్యం ప్రతిపాదించారని తాల్ముదు నమోదు చేసింది. నాలుగో శతాబ్దానికి చెందిన రవ్ పాపా వాటిలో ఒకదాన్ని ఎంచి మిగిలినవి తోసిపుచ్చలేదు; అన్నిటినీ కలిపి చెప్పాలని తీర్పు ఇచ్చాడు.